అన్నయ్య ముఖం, చెల్లెలి చేతులు

పోయిన భాగంలో మన పిల్లగొంతును ఎక్కడ వదిలి వచ్చామో గుర్తుంది కదా. డబ్బింగ్ గదిలో, మైకు ముందు, నోరు తెరిచి మాట పెగలక నిలబడిపోయిన చోట. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు సాగుదాం.

పిల్లగొంతు పిల్ల కాదు, నలభై ఆరేళ్ల మనిషి. బొమ్మలు, బిస్కెట్లు, టూత్‌పేస్టులు, స్కూలు సంచులు, ఏ ప్రకటనలోనైనా పిల్లలు మాట్లాడాలంటే ఆవిడే మాట్లాడాలి. తెర మీద మూతి కదిపేది పిల్లలు, గొంతు ఆవిడది. మగపిల్లాడికీ ఆవిడే, ఆడపిల్లకీ ఆవిడే. ఇరవై రెండేళ్లుగా ఇదే పని కనుక ఆ రంగంలో అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, పిల్లగొంతు అంటేనే పలుకుతుంది.

ఆవిడ చెల్లెలికి తొమ్మిదేళ్ల కూతురు. ఆ పిల్ల తండ్రికి మోటార్లు చుట్టే షాపు ఉంది. చేతికి ఏది దొరికినా విప్పి చూసేదాకా వదలదని తండ్రే దానికి పటకారు అని ముద్దుపేరు పెట్టాడు. ఒక బొమ్మల కంపెనీ ప్రకటనలో వేషం ఉందంటే పటకారును పంపించింది పెద్దమ్మే, అంటే మన పిల్లగొంతే. ప్రకటనలో అన్నయ్య పళ్లచక్రాలు, మరలు బిగించి క్రేను తయారు చేస్తాడు, చెల్లెలు పక్కన నిలబడి చప్పట్లు కొడుతుంది. ఈ మహా కావ్యాన్ని రచించడానికి పదకొండు మంది పెద్దమనుషులు ఏసీ గదిలో నెల రోజులు తల బద్దలు కొట్టుకున్నారట.

ప్రకటన టీవీలో వచ్చాక పటకారు బడిలో ఉన్నమాట చెప్పింది. చప్పట్లు కొట్టేది నేనే, క్రేను బిగించే చేతులు కూడా నావే అంది. మొదటిది నమ్మారు. రెండోదానికి క్లాసంతా పగలబడి నవ్వింది. టీచరమ్మ 'నేను అబద్ధాలు ఆడను' అని వందసార్లు రాయించింది. షూటింగులో అమ్మల్ని బయట గదిలో కూర్చోబెడతారు గనక తల్లికి లోపల ఏం జరిగిందో తెలియదు. ప్రకటన తీసిన ఏజెన్సీకి ఫోన్ చేస్తే మేనేజరు అలాంటిదేం లేదమ్మా, పిల్లలు ఏవో ఊహించుకుంటారు అన్నాడు. తల్లి ఒక దెబ్బ వేసింది. పెద్దమ్మ దెబ్బ వేయలేదు, అంతకంటే చెడ్డపని చేసింది, ఒళ్లో కూర్చోబెట్టుకుని నీతి చెప్పింది. ఆనాటి నుంచి పటకారు షాపులో స్క్రూడ్రైవరు ముట్టుకోవడం మానేసింది.

ఇవాళ పిల్లగొంతు వచ్చింది రెండో ప్రకటనకు గొంతు ఇవ్వడానికి. మొదటి దాంట్లో చేతులు రెప్పపాటు కనబడి మాయమవుతాయి. ఇది పెద్దది, అదే షూటింగులో తీసిన చేతుల్ని తెరంతా పరిచారు. నీలం గళ్ల చొక్కా చేతుల్లోంచి బయటికొచ్చిన రెండు చిన్న చేతులు చక్రాన్ని ఇరుసు మీదికి ఎక్కిస్తున్నాయి. ఎడమచేతి చూపుడువేలు గోరు నల్లగా కమిలి ఉంది. ఆ మరుసటి షాట్‌లో చెల్లెలి వేషంలో పటకారు చప్పట్లు కొడుతోంది. ఆ ఎడమచేతి చూపుడువేలు గోరూ నల్లగానే ఉంది. షాపులో సుత్తి జారి పటకారు గోరు కమిలితే మందు రాసింది పెద్దమ్మే. చొక్కా మార్చిన మేధావులు గోరు సంగతి మరిచిపోయారు.

అదీ ఇప్పటిదాకా జరిగిన కథ.

పిల్లగొంతు హెడ్‌ఫోన్లు తీసి స్టాండుకు తగిలించింది. రెండు గదులకూ మధ్య పెద్ద అద్దం ఉంటుంది, అద్దానికి అవతల సౌండ్ ఇంజనీరు మీటల ముందు కూర్చుంటాడు. అతని వెనకాల సోఫాలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నవాడే ఈ ప్రకటన తీసిన ఘనుడు. ప్రతి మాటకు ముందూ "ఐడియా ఏంటంటే" అంటాడు కనుక వెనకాల అందరూ ఐడియా సారు అంటారు. ఆ తర్వాత వచ్చేది ఐడియాగా ఉండడం చాలా అరుదు. గదిలో కూడా నల్లకళ్లద్దాలు నెత్తిన పెట్టుకునే బాపతు మనిషి.

తలుపు తోసుకుని అవతలి గదిలోకి వెళ్లి ఆ చేతులు ఎవరివని అడిగింది.

ఐడియా సారు ముందు అర్థం కానట్టు మొహం పెట్టాడు. తర్వాత హీరోవి అన్నాడు. హీరో అంటే అన్నయ్య వేషం వేసిన పదేళ్ల పిల్లాడు. పిల్లగొంతు ఇంజనీరును బతిమాలి రెండు షాట్లూ పక్కపక్కన ఆపించింది. ఇంజనీరు మాట తక్కువ మనిషి. బొమ్మ ఆపి, గోరు దగ్గరికి లాగి పెద్దది చేసి, చేతులు కట్టుకు కూర్చున్నాడు. రెండు నల్ల గోళ్లు తెర మీద పక్కపక్కనే నిలబడ్డాయి.

తేలు కుట్టిన దొంగ కనీసం నోరు మూసుకుంటాడు. ఐడియా సారు నవ్వాడు. తను చేసిన ఘనకార్యం ఎవరో ఒకరు కనిపెట్టినందుకు కాస్త ముచ్చట పడ్డట్టు కూడా ఉంది.

"మా హీరో నలభై నిమిషాలు తంటాలు పడ్డాడండీ. ఒక్క చక్రం ఎక్కితే ఒట్టు. ఆఖరికి ఏడుపు మొదలెట్టాడు. ఈ పిల్ల పక్కనుంచి వచ్చి టకటకా పెట్టేసింది. లైట్లు వెలుగుతున్నాయి, టైమైపోతోంది. వాడి చొక్కా దీనికి తొడిగి చేతులు తీసేశాం. ఇందులో అంత పెద్ద విషయం ఏముంది? చేతులకి ఆడా మగా ఏముంటుంది?"

"నేనూ అదే అడుగుతున్నాను. చేతులకి లేనిది డబ్బాకి ఎక్కడినుంచి వచ్చింది?"

టేబుల్ మీద కంపెనీవాళ్లు పంపిన రెండు డబ్బాలు ఉన్నాయి. నీలం డబ్బా మగపిల్లలది. అందులో చక్రాలు, మరలు, చిన్న మోటారు. రెండోది గులాబీరంగుది, ఈ నెలే కొత్తగా వస్తోంది, ఆడపిల్లల కోసమట. చక్రాలు సగం తీసేశారు. మోటారు పూర్తిగా తీసేసి, ఆ గుంటలో సరిగ్గా పట్టేట్టు ఒక బుల్లి అద్దం బిగించారు. ముంజేతి కంకణం చూసుకోవడానికి అద్దమెందుకు అంటారు పెద్దలు. మోటారు పీకేసిన డబ్బాకు మాత్రం అద్దం అవసరం పడింది. ఇవాళ్టి ప్రకటన చివర అన్నయ్య తన క్రేను తిప్పుతుంటే చెల్లెలు ఈ అద్దంలో చూసుకుని మురిసిపోవాలి.

పిల్లగొంతు ఆ అద్దాన్ని వేలితో తట్టి, ఇది ఎవరి బుర్రలో పుట్టిందని అడిగింది. ఐడియా సారు మార్కెట్ అన్నాడు, సర్వే అన్నాడు, తల్లులే ఇలా అడుగుతున్నారన్నాడు. తప్పంతా తన మీద తప్ప లోకంలో అందరి మీదా పడేట్టు ఓపిగ్గా వివరించాడు. మేం కొత్తగా ఏదీ పుట్టించం, లోకంలో ఉన్నదే చూపిస్తాం అని ముగించాడు.

"లోకంలో ఉన్నది చూపిస్తే క్రేను బిగించింది ఆడపిల్ల," అంది పిల్లగొంతు. "కళ్ల ముందు జరిగింది దాచిపెట్టి, జరగనిది తీశారు. సొమ్మొకడిది, సోకొకడిది. పైగా సొమ్ము గలదాని చేత చప్పట్లు కూడా కొట్టించారు."

ఆవిడకు కావలసింది పెద్దదేం కాదు. ఏజెన్సీ కాగితం మీద ఒక్క ముక్క, ఆ చేతులు ఈ పిల్లవే అని రాసి, సంతకం పెట్టి బడికి పంపాలి. ఆ మాటే అడిగింది. ఐడియా సారు కళ్లద్దాలు నెత్తి మీంచి తీసి మళ్లీ నెత్తినే పెట్టుకున్నాడు. కాగితం బయటికి వెళితే హీరో పరువేం కాను అన్నాడు. వాడి ముఖం నీలం డబ్బా మీద అచ్చయిపోయింది, దేశమంతా వాడిని బుల్లి ఇంజనీరు అంటోంది, వాడి నాన్న ఊరుకుంటాడా అన్నాడు. తొమ్మిదేళ్ల పిల్ల అబద్ధాలు ఆడనని వందసార్లు రాసిన సంగతి చెబితే, పిల్లలు రెండు రోజుల్లో మరిచిపోతారండీ అన్నాడు.

అలాగైతే ఇవాళ్టి మాట చెప్పనని తేల్చేసింది పిల్లగొంతు. చెప్పవలసిన కాగితం ఆవిడ చేతిలోనే ఉంది. అన్నయ్య మాటలు నీలం సిరాతో, చెల్లెలి మాటలు గులాబీ సిరాతో రాసి ఉన్నాయి. గులాబీ మాట ఇది: 'అబ్బ, ఇవన్నీ నాకేం అర్థమవుతాయి అన్నయ్యా. నువ్వు చెయ్యి, నేను చూస్తా.' పక్కనే బ్రాకెట్లో 'ముక్కుతో, ముద్దుగా' అని సూచన.

అప్పుడు ఐడియా సారు ఒక మాట అన్నాడు. తెలివిగా అనలేదు, విసుగొచ్చి అన్నాడు. విసుగులో అన్నమాట గనకే సూటిగా తగిలింది.

"ఇరవై రెండేళ్లుగా ఈ ముక్కుమాటలు చెబుతున్నది ఎవరండీ? నేనా?"

పిల్లగొంతు చేతిలోని గులాబీ మాట వైపు చూసింది. అలాంటి మాటలు ఎన్ని చెప్పిందో ఆవిడకే లెక్క లేదు. మగపిల్లాడి మాట పొట్టలోంచి తీయాలి, చివర దించి ఆపాలి, ఇక అడిగేదేం లేదన్నట్టుండాలి. ఆడపిల్ల మాట ముక్కులోంచి రావాలి, చివర పైకి లేవాలి, అనుమతి అడిగినట్టుండాలి. ఈ సూత్రం ఆవిడకు ఎవరూ నేర్పలేదు. తనే కనిపెట్టింది, తర్వాత వచ్చిన అమ్మాయిలకు తనే నేర్పింది. ఆడపిల్ల గొంతుకు ఆవిడను మించినవాళ్లు లేరని ఒకసారి శాలువా కూడా కప్పారు. ఎదుటివాణ్ణి అసహ్యించుకోవడం తేలిక. ఆ అసహ్యంలో సగం తన వాటాకు వస్తుందని ఆవిడకు అప్పుడే తెలిసింది.

అయినా చెప్పనంది.

"ఐడియా ఏంటంటే," అన్నాడు ఐడియా సారు, "ఈసారి నిజం పిల్ల గొంతే ట్రై చేద్దామనుకున్నాం. తెర మీదున్న పిల్లనే పిలిపించాం. గంట నుంచి బయట కూర్చున్నారు."

తలుపు తీశాడు. బయట బెంచీ మీద పిల్లగొంతు చెల్లెలు, పక్కన పటకారు. పటకారు రెండు చేతులూ జేబుల్లో దోపుకుని ఉంది. చెల్లెలు అక్కను చూసి గతుక్కుమంది. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదక్కా అంది, సంతకం పెట్టేశాను అని కూడా అంది.

పిల్లగొంతు చెల్లెల్ని రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చి తెర ముందు నిలబెట్టింది. రెండు నల్ల గోళ్లూ ఇంకా అక్కడే ఉన్నాయి. చెల్లెలు ఒకదాని నుంచి ఇంకోదానికి చూసింది, తర్వాత కూతురి జేబుల వైపు చూసింది. కూతుర్ని కొట్టిన చేయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బ్యాగు పట్టీ నలుపుకుంది. ఏడుస్తుందేమో అనుకుంది అక్క. కానీ చెల్లెలు ఏడవలేదు, ఇప్పుడు గొడవ పడితే దీన్ని ఇంకెవరూ పిలవరు కదక్కా అని గొణిగింది. ఏళ్ల తరబడి ఈ ప్రకటనలన్నీ చూసి పెరిగిన మనిషి మరి.

పిల్లగొంతు పటకారు ముందు వంగి కూర్చుంది. నువ్వు చెప్పింది నిజమేనమ్మా, నేనే నమ్మలేదు, తప్పు నాది అంది.

"నాకు తెలుసుగా పెద్దమ్మా," అంది పటకారు. "నా చేతులు నాకు తెలీవా?"

అందులో కోపం లేదు. దాచుకున్న ఏడుపు కూడా లేదు. వానాకాలంలో వాన పడుతుందని చెప్పినట్టు చెప్పింది. కోప్పడి ఉంటే పెద్దమ్మకు కాస్త తెరిపిగా ఉండేది.

ఈలోగా ఐడియా సారు చప్పట్లు చరిచి అందరినీ తొందర పెట్టాడు. పిల్లను మైకు ముందు పీట ఎక్కించారు, హెడ్‌ఫోన్లు పెట్టారు. పిల్లగొంతు అడ్డం వెళ్లబోతే చెల్లెలు చేయి పట్టుకుని, ఒక్క మాటే కదక్కా, చెప్పేసి ఇంటికెళ్లిపోతాం అంది. అద్దం అవతల ఎర్రదీపం వెలిగింది. తెర మీద నీలం గళ్ల చొక్కాలోంచి పటకారు చేతులు చక్రం ఎక్కిస్తున్నాయి. వాటిని చూస్తూ పటకారు కాగితం చదవాలి.

చదివింది.

"అబ్బ, ఇవన్నీ నాకేం అర్థమవుతాయి అన్నయ్యా. నువ్వు చెయ్యి, నేను చూస్తా."

మొదటి టేకే ఓకే అయింది. మాట ముక్కులోంచి వచ్చింది, అన్నయ్యా దగ్గర సన్నగా సాగింది, చివర పైకి లేచి అనుమతి అడిగింది. ఐడియా సారు సోఫాలోంచి లేచి, అచ్చం మీలాగేనండీ, మీ రక్తమే అని పిల్లగొంతు భుజం తట్టబోయాడు. ఆవిడ పక్కకు జరిగింది. వంద గొంతుల మధ్య కూడా ఆ గొంతును ఆవిడ గుర్తుపట్టగలదు, అది తన గొంతే. తాను నోరు మూసుకుంటే మాట ఆగిపోతుందనుకుంది. మాటకు ఇంకో నోరు ఎప్పుడో తయారై కూర్చుందని ఇప్పుడు తెలిసింది.

పిల్లగొంతు లోపలి గదికి వినబడే మీట నొక్కి, ఇలా మాట్లాడటం ఎవరు నేర్పారమ్మా అని అడిగింది.

"నువ్వేగా పెద్దమ్మా. టీవీలో అంటావుగా."

చెల్లెలు తల దించుకుంది. ఇంజనీరు దేన్నో సర్దుతున్నట్టు మీటల మీదికి వంగాడు. ఐడియా సారుకు మాత్రం ఏమీ వినబడలేదు, అతనికి పని ఉంది. బొమ్మల కంపెనీ పెద్ద మేడంగారు ఫోన్ లైన్‌లోకి వచ్చారు. ఈ రంగంలో అదొక పద్ధతి. మాటలు రికార్డవుతుంటే కంపెనీవాళ్లు తమ ఆఫీసులో కూర్చుని లైన్‌లో వింటారు, అక్కడికక్కడే సరేనో కాదో చెప్పేస్తారు. రెండు డబ్బాల మీదా ఆఖరిమాట ఈ మేడంగారిదే. ఐడియా సారు గొంతు ఒక్కసారిగా తేనెలో ముంచి తీసినట్టయింది. చెల్లెలి మాట అద్భుతంగా వచ్చింది మేడం, అన్నయ్య మాట ఒక్కటి అయిపోతే వినిపించేస్తాం అన్నాడు.

అన్నయ్య మాటకు పిల్లగొంతు తప్ప దిక్కు లేదు. హీరో గొంతు కీచుగా ఉంటుంది, అది బుల్లి ఇంజనీరు ముఖానికి నప్పలేదని మొదటి రోజే పక్కన పెట్టేశారు. ఐడియా సారు తన ముందున్న మైకు అరచేత్తో మూసి, నీలం మాట చెప్పడానికి మీకేం అభ్యంతరం లేదు కదా అన్నాడు. 'ఇదిగో, నా చేతులతో నేనే చేశాను' అన్నదే నీలం మాట.

పిల్లగొంతు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. లేదండీ, అదైతే చెబుతాను అంది.

ఐడియా సారుకు ప్రాణం లేచి వచ్చింది. ఇరవై రెండేళ్ల మనిషి కదా, ఎక్కడికి పోతుందిలే అనుకుని ఉంటాడు.

ఆవిడ లోపలికి వెళ్లింది. పటకారు పీట దిగబోతే, ఉండు, అక్కడే ఉండు అని పక్కన నిలబడి మైకు కాస్త పైకి లేపుకుంది. ఎర్రదీపం వెలిగింది. తెర నిండా చేతులు వచ్చాయి, చివరి చక్రం ఎక్కింది, క్రేను లేచింది. హీరో ముఖం వచ్చింది, పెదవులు కదిలాయి. ఆ పెదవుల మీద అతుక్కున్నట్టుగా మగపిల్లాడి గొంతు పలికింది. మాట పొట్టలోంచి వచ్చి, చివర దిగి, ఖరాఖండిగా ఆగింది.

"ఇవి నా చేతులు కావు."

 ముందుగా తేరుకున్నది ఐడియా సారే. లైన్ కట్ చెయ్ అని ఇంజనీరు మీద పడ్డాడు. ఏ మీట నొక్కితే లైన్ పోతుందో ఆ గదిలో ఇంజనీరుకు ఒక్కడికే తెలుసు. అతను మీటలన్నీ ఒక్కొక్కటే తడుముతూ, ఏది నొక్కాలో పదిహేనేళ్లలో మొదటిసారి మరిచిపోయినట్టు తల గోక్కున్నాడు.

రెండు గదుల స్పీకర్లలోనూ నెమ్మదైన ఆడగొంతు వినిపించింది. వయసు మళ్లిన గొంతు.

"మరి ఎవరివి, బాబూ?"

జవాబు పిల్లగొంతు నాలుక చివరికి వచ్చేసింది. ఏ గొంతులోనైనా చెప్పగలదు. పొట్టలోంచీ చెప్పగలదు, ముక్కులోంచీ చెప్పగలదు, పిల్లల మాటలు పిల్లల బదులు చెప్పడమే కదా ఆవిడ బతుకంతా చేసింది. పెదవులు బిగించేసింది. మైకు మెడ పట్టుకుని కిందికి, తొమ్మిదేళ్ల నోటి ఎత్తుకు దించి, తను రెండడుగులు వెనక్కి జరిగింది.

అద్దం అవతల ఐడియా సారు రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు. పక్కన అమ్మ వద్దు వద్దని తల తిప్పుతోంది. స్పీకర్లో మేడంగారు వింటూనే ఉన్నారు.

పటకారు జేబుల్లోంచి చేతులు బయటికి తీసి మైకును పట్టుకుంది. కాగితం వైపు చూసింది. అందులో ఈ ప్రశ్నకు జవాబు నీలం సిరాతోనూ లేదు, గులాబీ సిరాతోనూ లేదు.

గుండె నిండా ఊపిరి పీల్చి, నోరు తెరిచింది. ఆ నోట్లోంచి రాబోయే గొంతు ఎవరిదో పెద్దమ్మకు కూడా తెలియదు.